పుర్రెను అడిగితే ఎత్తు చెబుతుందా?

చిన్నూ, బుజ్జీ,

మొన్న టీవీలో ఆ పోలీసాయన పుర్రెను చేతిలోకి తీసుకుని "మనిషి ఐదడుగుల ఎనిమిదంగుళాలు" అనగానే మీరిద్దరూ నా వైపు చూశారు. భోజనాల హడావుడిలో సరిగ్గా చెప్పలేకపోయాను. మెడికల్ కాలేజీలో ఏళ్ల తరబడి ఎముకల పాఠం చెప్పినవాణ్ణి, ఆ మాటను అలా వదిలేయలేను.

పుర్రెను బట్టి ఎత్తు అంత కచ్చితంగా చెప్పలేం. పుట్టిన పాప పొడవులో దాదాపు నాలుగో వంతు తలే. పెద్దయ్యాక అది ఏడో వంతో, ఎనిమిదో వంతో అవుతుంది. తల ముందే పెరిగిపోతుంది, కాళ్లు మాత్రం ఆ తర్వాత చాలా ఏళ్లు సాగుతాయి. చిన్నూ, నిరుటి ప్యాంట్లన్నీ నీకు పొట్టివయ్యాయి, క్రికెట్ టోపీ ఇంకా సరిపోతోంది కదా!

పళ్ల సంగతి ఇంకా విచిత్రం. ఆరేళ్లప్పుడు వచ్చే దవడ పన్ను పైభాగం సుమారు మూడేళ్లకే చిగురు లోపల తయారైపోతుంది. తర్వాత అరగడమే తప్ప పెరగదు. పద్దెనిమిదేళ్లకు నువ్వెంత పొడుగవుతావో దానికేం తెలుసు? 1920లో కరేయా అనే అర్జెంటీనా దంతవైద్యుడు కింది ముందు పళ్లు, కోరపన్ను కొలిచి ఎత్తు లెక్క కట్టే పద్ధతి చెప్పాడు. పుర్రెకూ సూత్రాలున్నాయి. వేరే ఎముక దొరకనప్పుడే వాటి అవసరం. తేడా ఎక్కువ వస్తుంది.

అసలు నమ్మదగింది తొడ ఎముక. మిల్డ్రెడ్ ట్రాటర్, గోల్డిన్ గ్లెసర్ అనే ఇద్దరు మహిళలు రెండో ప్రపంచ యుద్ధంలో చనిపోయిన అమెరికా సైనికుల ఎముకలు కొలిచి, సైన్యం రాసిపెట్టుకున్న ఎత్తులతో పోల్చి 1952లో సూత్రాలు ఇచ్చారు. తెల్లజాతి మగవాళ్లకైతే తొడ ఎముక పొడవును 2.38తో గుణించి 61.41 కలపాలి. 45 సెంటీమీటర్ల ఎముకకు 168.5 వస్తుంది. అప్పుడు కూడా అటూ ఇటూ మూడు సెంటీమీటర్ల పైన వదిలిపెట్టాలి. ఆ లెక్క మన వాళ్లకు అలాగే వేస్తే తప్పు. మన ఎముకలకు మన సూత్రాలే కావాలి.

పన్నును అడగాల్సింది వేరు. పిల్లలదైతే వయసు బాగా చెబుతుంది. లోపలి గుజ్జులో, అది ఎవరిదో పోల్చడానికి పనికొచ్చే డీఎన్ఏ దాక్కుని ఉంటుంది. మన ఉప్పల్‌లోని సీడీఎఫ్‌డీ అనే పరిశోధన సంస్థ పేరులోనే డీఎన్ఏ వేలిముద్రల మాట ఉంది.

మనిషి తప్పిపోయాడని స్టేషన్‌లో ఇచ్చే ఫిర్యాదులో ఎత్తు కూడా రాస్తారు. పుర్రె చూసి ఒకే అంకె రాసేస్తే, అసలు మనిషి ఫైలు పక్కకు పోవచ్చు. ఆ ఇంట్లో వాళ్లమ్మ గేటు చప్పుడైనప్పుడల్లా లేచి చూస్తూనే ఉంటుంది. ఆ సీన్ నన్ను అంత బాధపెట్టింది అందుకే.

ఆదివారం వచ్చేటప్పుడు కుట్టు టేపు తెండి. అత్త పాప తల, మీ తలలు కొలుద్దాం.

మీ తాతయ్య,
హైదరాబాద్