పచ్చగా ఉన్నదల్లా ట్రైకోడెర్మా కాదు

వేరుశనగ పొలాల మట్టిలో ఏయే శిలీంధ్రాలు ఉన్నాయో చూసి చెప్పడం నా పని. పేర్లు తారుమారైతే నష్టపోయేది రైతు. అందుకే ఇది రాస్తున్నాను.

అపోహ: మట్టిలోని శిలీంధ్రాలను పెంచి చూసే ప్లేటు మీద పచ్చ బూజు వస్తే అది ట్రైకోడెర్మా అనే మేలు చేసే శిలీంధ్రమే.

వాస్తవం: పెనిసీలియం, ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్ అనే వేరే శిలీంధ్రాలు కూడా పచ్చగానే ఉంటాయి. ట్రైకోడెర్మా విత్తనశుద్ధికి వాడే మిత్రుడు. ఫ్లేవస్ వేరుశనగ గింజల్లో అఫ్లాటాక్సిన్ విషం చేర్చగలదు. పేరు తేల్చుకోకుండా పచ్చ బూజును పశువుల ఎరువులో పెంచి చల్లితే, శత్రువునే మేపి పొలంలో వదిలినట్టవుతుంది.

ముందు పెరిగే తీరు చూడండి. ట్రైకోడెర్మా 28 డిగ్రీల దగ్గర 90 మి.మీ. ప్లేటును నాలుగైదు రోజుల్లో కప్పేస్తుంది. మొదట పలచని తెలుపు, తర్వాత పచ్చని గుత్తులు. పెనిసీలియం చాలావరకు వారం గడిచినా చిన్న బిళ్లలాగే ఉంటుంది. ఫ్లేవస్ పచ్చలో పసుపు కలిసి, పొడిపొడిగా కనిపిస్తుంది.

అసలు తీర్పు మైక్రోస్కోప్ కిందే. ఫ్లేవస్‌కు పొడవాటి కాడ, కొసన ఉబ్బిన తల, దాని చుట్టూ సిద్ధబీజాల (శిలీంధ్రానికి విత్తనాల్లాంటి సూక్ష్మ కణాల) గొలుసులు. పెనిసీలియంకి తల ఉబ్బదు, చీపురులా చీలుతుంది. అక్కడా గొలుసులే. ట్రైకోడెర్మాలో సీసా ఆకారపు కణాల కొసన సిద్ధబీజాలు బంతిలా గుంపుకడతాయి. ఈ గొలుసులూ గుంపులూ నీటిచుక్క తగిలితే చెదిరిపోతాయి. అందుకే ముదిరిన నడిమి భాగం వదిలేసి, అప్పుడే రంగు తిరుగుతున్న చోట సెల్లోటేప్ మెల్లగా అద్ది, లాక్టోఫినాల్ కాటన్ బ్లూ అనే నీలిరంగు ద్రావణం మీద పెట్టి చూస్తాను.

అపోహ: కొబ్బరి వాసన వస్తే ట్రైకోడెర్మా.

వాస్తవం: కొన్ని రకాలకు ఆ వాసన నిజమే. కానీ దయచేసి ప్లేటు మూత తీసి వాసన చూడకండి. అది ఫ్లేవస్ అయితే సిద్ధబీజాలు నేరుగా ఊపిరితిత్తుల్లోకి పోతాయి.

అపోహ: సిద్ధబీజాలు లేకపోతే పేరు చెప్పలేం.

వాస్తవం: కాండం కుళ్ళు తెచ్చే స్క్లెరోషియం రోల్ఫ్సీని తెల్లటి దూదిలాంటి బూజు, ఆవగింజల్లాంటి గోధుమరంగు గింజలే పట్టిస్తాయి. రైజోక్టోనియా అనే మరో శిలీంధ్రం పోగులు దాదాపు లంబంగా చీలి, చీలినచోట సన్నగా నొక్కుకుపోయి ఉంటాయి.

అపోహ: ప్లేటు మీద రానిది మట్టిలో లేనట్టే.

వాస్తవం: మొక్క వేళ్లతో కలిసి బతికే ఆర్బస్క్యులర్ మైకోరైజా అనే శిలీంధ్రం బతికున్న వేరు లేకుండా పెరగదు, ప్లేటు మీద దాని జాడే ఉండదు.

అపోహ: మైక్రోస్కోప్ ఉంటే జాతి (స్పీషీస్) పేరు కూడా చెప్పేయొచ్చు.

వాస్తవం: ట్రైకోడెర్మాలో చాలా జాతులు చూపుకు ఒకేలా ఉంటాయి, డీఎన్ఏ పరీక్ష కావాల్సిందే. అది చేయనప్పుడు రిపోర్టులో ప్రజాతి (జీనస్) పేరు, అంటే 'ట్రైకోడెర్మా' దగ్గరే ఆగిపోతాను.