రక్తం ఆగితే ఎద అయిపోయినట్టు కాదు: ఆడకుక్కల విషయంలో అపోహలు, వాస్తవాలు

మా క్లినిక్‌కి ఏ బాధతో ఆడకుక్కను తీసుకొచ్చినా నేను ముందు అడిగేది ఒకటే: "చివరిసారి ఎదకి ఎప్పుడొచ్చింది?" వాంతులన్నా అదే అడుగుతాను, తిండి మానేసిందన్నా అదే అడుగుతాను. "దసరాకి ముందనుకుంటా మేడం", "మా అమ్మాయి సెలవులకి వచ్చినప్పుడు" అంటారు. దానికీ దీనికీ ఏం సంబంధం అన్నట్టు చూసేవాళ్ళూ ఉన్నారు. చాలా సంబంధం ఉంది. పద్నాలుగేళ్ళుగా చూస్తున్నాను, ఈ విషయంలో జరిగే పొరపాట్లలో సగానికి పైగా ఒకే ఒక్క నమ్మకంలోంచి పుడతాయి.

"మనకి నెలసరి ఎలాగో దానికీ అలాగే"

కాదు. ఆడవాళ్ళలో అండం విడుదలైపోయి, గర్భం నిలవకపోతే, గర్భసంచి లోపలి పొర ఊడి రక్తం పోతుంది. కుక్కలో వరస వేరు. అండం ఇంకా విడుదల కాకముందే రక్తం పడుతుంది. ఈస్ట్రోజెన్ అనే హార్మోను పెరిగి గర్భసంచి పొర ఉబ్బుతుంది, అక్కడి సన్నని రక్తనాళాల్లోంచి రక్తం ఊరుతుంది. మనలో రక్తం వస్తే ఆ నెల అవకాశం దాటిపోయినట్టు, కుక్కలో వస్తే అవకాశం దగ్గరపడుతున్నట్టు.

ఈ రక్తం పడే దశ సగటున 9 రోజులు. కొన్నిటికి 3 రోజులే, కొన్నిటికి 17 దాకా పోతుంది. ఈ రోజుల్లో మగకుక్కలు గేటు దగ్గర కాపలా కాస్తాయి గానీ మన కుక్క వాటిని దగ్గరికి రానివ్వదు. గుర్రుమంటుంది, చతికిలబడుతుంది. ఆ తర్వాత ఎర్రదనం తగ్గి, మాంసం కడిగిన నీళ్ళలా, ఇంకా పలచబడి ఎండుగడ్డి రంగులోకి వస్తుంది. గట్టిగా వాచి ఉన్న మర్మస్థానం మెత్తబడుతుంది. నడుము మీద గోకితే తోక పక్కకి తిప్పి, కదలకుండా నిలబడుతుంది. ఇది రెండో దశ, ఇదీ సగటున 9 రోజులే. చూలు కట్టేది ఇప్పుడు.

సరిగ్గా ఇప్పుడే మనవాళ్ళు గొలుసు విప్పేస్తారు. "రక్తం ఆగిపోయింది మేడం, నిన్నటి నుంచీ డాబా మీద వదిలేస్తున్నాం" అంటారు. రెండు వారాలు కళ్ళలో ఒత్తులు వేసుకుని కాసి, అసలు రోజున వదిలేయడం ఇది. మొదటి రక్తపు చుక్క కనిపించిన రోజు నుంచి 4 వారాల పాటు ఒంటరిగా బయటికి వదలకండి. బయటికి తీసుకెళ్ళినా మెడకి తాడుండాలి, తాడు పెద్దవాళ్ళ చేతిలో ఉండాలి. డైపర్ నేలను కాపాడుతుంది గానీ మగకుక్కను ఆపదు.

రక్తమే కనపడకుండా ఎదకి వచ్చేవీ ఉన్నాయి. శుభ్రంగా ఉండే కుక్కలు ఎప్పటికప్పుడు నాకేసుకుంటాయి. అనుమానంగా ఉంటే తెల్ల టిష్యూతో ఒకసారి అద్ది చూడండి.

మైల అని ఎదలో ఉన్న కుక్కని నాలుగు రోజులు మేడ మీద ఎండలో కట్టేసే ఇళ్ళు ఇప్పటికీ ఉన్నాయి. దానికి చల్లటి చోటు, ఎప్పుడూ నీళ్ళు, తను ఎరిగిన మనుషులు కావాలి. స్నానం చేయించవచ్చు.

"ఒక్కసారే కలిసింది, ఏమీ కాదులెండి"

మగకుక్క వీర్యకణాలు ఆడకుక్క గర్భంలో 5 నుంచి 7 రోజుల వరకు బతికి ఉండగలవు. అండాలేమో విడుదలైన వెంటనే పక్వానికి రావు, రెండు మూడు రోజులు పడుతుంది. అందుకే అండాలు విడుదల కాకముందు కలిసినా చూలు నిలుస్తుంది. రెండు మగకుక్కలతో కలిస్తే ఒకే కాన్పులో ఇద్దరు తండ్రుల పిల్లలు పుట్టవచ్చు. లాబ్రడార్‌కి లాబ్రడార్‌తోనే క్రాసింగ్ చేయించామని, ఏడు పిల్లల్లో రెండు మాత్రం వీధిలో కుక్కలా మచ్చలతో పుట్టాయని ఒకాయన ఎంతో బాధపడుతూ వచ్చారు. క్రాసింగ్ అయిన మూడోరోజు అది గేటు సందులోంచి బయటపడి ఓ గంట తర్వాత తిరిగొచ్చిందట.

ఒకే ఈతలో పుట్టిన అన్నాచెల్లెళ్ళు కలవవనే నమ్మకం కూడా ఉంది. కలుస్తాయి. తల్లీకొడుకులూ కలుస్తాయి. వాటికి వావివరసలు లేవు, ఆ జాగ్రత్త మనదే.

రెండు కుక్కలు లాక్ అయిపోతే కర్రలు పట్టుకుని, వేడినీళ్ళు పట్టుకుని పరిగెత్తేవాళ్ళకి చేతులెత్తి దండం పెడుతున్నాను. మగకుక్క అంగం మొదట్లో ఉండే భాగం లోపల ఉబ్బి బిగుసుకుంటుంది. అది దానంతట అదే తగ్గడానికి 10 నుంచి 30 నిమిషాలు పడుతుంది. ఈలోగా లాగితే రెండిటికీ చీలికలు పడతాయి. అప్పటికే వీర్యం లోపలికి చేరిపోయి ఉంటుంది కాబట్టి విడదీసినా చూలు ఆగదు. ఇష్టం లేని కలయిక అయితే వాటిని వాటి మానాన వదిలేసి, రెండు మూడు రోజుల్లో మా దగ్గరికి తీసుకురండి. పిల్లలు అసలే వద్దనుకుంటే గర్భసంచీ అండాశయాలూ తీసేసే ఆపరేషన్ ఉంది. నిలిచిందో లేదో 4 వారాలకి స్కానింగ్‌లో తేలుతుంది.

"చిత్తకార్తెలోనే కదా ఎదకి వచ్చేది"

ఈ మాట పెద్దవాళ్ళు ఊరికే అనలేదు. చిత్తకార్తె అక్టోబరు రెండో వారంలో మొదలవుతుంది. మన వీధికుక్కలు వానలు వెనకపట్టే ఆ కాలంలోనే ఎక్కువగా జతకడతాయి. జైపూర్‌లో, బెంగాల్లో వీధికుక్కల మీద చేసిన పరిశీలనల్లోనూ ఇదే కనిపించింది. కానీ ఇంట్లో పెరిగే కుక్క కార్తెలు చూసుకోదు. సగటున ఆరేడు నెలలకోసారి, కొన్ని నాలుగు నెలలకే, కొన్ని ఏడాదికోసారి ఎదకి వస్తాయి. మొదటి ఎద చిన్న జాతుల్లో ఆరు నెలలు దాటగానే రావచ్చు. గ్రేట్ డేన్ లాంటి పెద్ద జాతుల్లో ఏడాదిన్నర, రెండేళ్ళు కూడా పడుతుంది. మనుషుల్లోలా ముట్లుడగడం అనేది వీటికి లేదు. పన్నెండేళ్ళ ముసలి కుక్క కూడా ఎదకి వస్తుంది, కాకపోతే మధ్య వ్యవధి పెరుగుతుంది.

"ఎద అయిపోయి నెల దాటింది, ఇక దాంతో పనేముంది"

నన్ను అన్నిటికంటే ఎక్కువ బాధపెట్టే అపోహ ఇదే. కుక్కలో చూలు కట్టినా కట్టకపోయినా అండాశయాలు రెండు నెలల పాటు ప్రొజెస్టెరాన్ అనే హార్మోను విడుదల చేస్తూనే ఉంటాయి. గర్భసంచి పిల్లల కోసం మెత్తగా పరుపు వేసుకుని కూర్చుంటుంది. పిల్లలు లేని ఆ పరుపులో సూక్ష్మజీవులు చేరితే లోపల చీము పడుతుంది. దాన్ని పయోమెట్రా అంటాం. సాధారణంగా ఎద అయిన 4 నుంచి 8 వారాల్లో బయటపడుతుంది. స్వీడన్‌లో పెంపుడు కుక్కల బీమా లెక్కలు చూస్తే, ఆపరేషన్ చేయించని ఆడకుక్కల్లో దాదాపు నాలుగో వంతుకి పదేళ్ళు వచ్చేలోపు ఈ జబ్బు వచ్చింది.

కిందటేడు వానాకాలంలో తొమ్మిదేళ్ళ స్పిట్జ్‌ని ఒకావిడ ఒళ్ళో పెట్టుకుని తెచ్చారు. వారం నుంచి గిన్నెలకి గిన్నెలు నీళ్ళు తాగుతోంది, ఎప్పుడూ లేనిది హాల్లో ఒంటికి పోస్తోంది. ఉక్కపోతకి తాగుతోందనుకున్నారు. తర్వాత వాంతులు మొదలైతే మందుల షాపులో గ్యాస్ మాత్రలు తెచ్చి వేశారు. కింద నుంచి చుక్క చీము కూడా రాలేదు, గర్భసంచి మూతి మూసుకుపోయి ఉంది. పొట్ట మాత్రం డోలులా ఉంది. "ఎద ఎప్పుడొచ్చిందమ్మా?" అంటే, "అది అయిపోయి నెలన్నర అయింది కదండీ" అన్నారు, అది లెక్కలోకి రాదన్నట్టు. సెలైన్ ఎక్కించి ఆ సాయంత్రమే ఆపరేషన్ చేశాం. బయటికి తీసిన గర్భసంచి రెండు కొమ్ములూ ఒక్కోటి నా మణికట్టంత లావున, చీముతో నిండి, ముట్టుకుంటే చిట్లిపోయేలా ఉన్నాయి. ట్రేలో పెట్టి తూస్తే కిలోంపావు. ఆ కుక్క మొత్తం బరువు తొమ్మిది కిలోలు. అది బతికింది. రెండు రోజులు ఆలస్యంగా వచ్చినవి నా చేతుల్లోనే పోయాయి.

ఎద అయిన రెండు నెలల్లో నీళ్ళు ఎక్కువగా తాగుతోందంటే, తిండి మానేసిందంటే, అస్తమానం వెనక నాక్కుంటోందంటే ఆ రోజే తీసుకురండి. వట్టి యాంటీబయాటిక్ మాత్రలతో కుదుటపడినట్టు కనిపించినా, చాలాసార్లు తర్వాతి ఎదకి మళ్ళీ తిరగబెడుతుంది.

అదే రెండు నెలల్లో ఇంకోటి కూడా చూస్తారు. క్రాసింగే కాలేదు, అయినా పాలు వస్తాయి, చెప్పులూ బొమ్మలూ మంచం కిందికి చేర్చుకుని పిల్లల్లా కాపాడుకుంటుంది. అది దయ్యమూ కాదు, దిష్టీ కాదు. దొంగచూలు. చాలావరకు రెండు మూడు వారాల్లో తగ్గిపోతుంది. పాలు పిండకండి, పిండినకొద్దీ ఊరుతాయి. రొమ్ములు ఎర్రబడి గట్టిపడితే చూపించండి, పాలు ఆపే మందుంది.

"ఇంజెక్షన్ వేయించేస్తే ఎదకి రాదు"

రాదు, నిజమే. ఆ సూదిమందు కూడా ప్రొజెస్టెరాన్ జాతిదే. పైన చెప్పిన పరుపును అది మందంగా పేరుస్తుంది. చీముగర్భం, రొమ్ము గడ్డలు, షుగరు జబ్బు దాని వెంట వస్తాయి. కలిసిన తర్వాత చూలు నిలవకుండా వేసే ఈస్ట్రోజెన్ సూది ఎముకల మూలుగను దెబ్బతీస్తుంది, రక్తకణాలు తయారవడం ఆగిపోవచ్చు. చవకగా అయిపోతుందని వీటి జోలికి వెళ్ళకండి.

"ఒక్క కాన్పయినా అయితేగానీ ఆపరేషన్ చేయించకూడదు"

పిల్లల్ని కనడం వల్ల కుక్క ఆరోగ్యానికి కలిసొచ్చేది ఏదీ లేదు. తల్లి కాలేదన్న దిగులు దానికి ఉండదు. ఆ మాట అనే వాళ్ళ ప్రేమ నాకు అర్థమవుతుంది. కానీ ఆ పిల్లల్లో ఎన్ని చివరికి రోడ్డు మీదికి చేరుతున్నాయో కూడా నేను చూస్తున్నాను.

ఎప్పుడు చేయించాలన్నది ఒక్క మాటలో చెప్పేది కాదు. మొదటి ఎదకి ముందే చేస్తే రొమ్ము గడ్డల ముప్పు బాగా తగ్గుతుందని 1969లో అమెరికాలో వచ్చిన ఒక అధ్యయనం నుంచీ చెబుతూ వస్తున్నాం. ఆ లెక్కల బలం మీద తర్వాత ప్రశ్నలు కూడా లేచాయి. గోల్డెన్ రిట్రీవర్ లాంటి పెద్ద జాతుల్లో మరీ చిన్న వయసులో చేస్తే కీళ్ళ సమస్యలు పెరగవచ్చు కాబట్టి ఏడాది దాటనివ్వమంటాను. చిన్న జాతులకీ నాటు కుక్కలకీ ఆరు నెలల ప్రాంతంలో చేస్తాను. ఎదలో ఉండగా రక్తనాళాలు ఉబ్బి ఉంటాయి, అత్యవసరం కాకపోతే అప్పుడు వద్దు. ఎద మొదలైన మూడు నెలలకి మంచి సమయం. ఆపరేషన్ తర్వాత తిండి ఐదో వంతు తగ్గించండి, లేకపోతే లావెక్కుతుంది. పెద్ద జాతుల్లో కొన్నిటికి తర్వాత నిద్రలో ఒంటికి కారే ఇబ్బంది వస్తుంది, దానికి మందులున్నాయి.

"మా కుక్క నెలనెలా ఎదకి వస్తుంది"

ఏ కుక్కా రాదు. నెల కాని నెలలో రక్తం పడుతోందంటే అది ఎద కాదని ముందే అనుకోండి. పొలం కాపలా కుక్కని ఆటోలో తెచ్చిన ఒక రైతు ఈ మాటే అన్నారు. "మూడు నెలల్నుంచి చుక్కలు పడతానే ఉన్నాయి డాక్టరమ్మా." గ్లవుజు వేసుకుని చూస్తే లోపల కాలీఫ్లవర్ పువ్వులాంటి గడ్డ, తాకితే రక్తం. కలయిక వల్ల ఒక కుక్క నుంచి ఇంకో కుక్కకి అంటుకునే కణితి అది, మన వీధుల్లో చాలా ఎక్కువ. వారానికొకటి చొప్పున విన్‌క్రిస్టిన్ అనే క్యాన్సర్ మందు ఎక్కించాం. రెండో వారానికే రక్తం ఆగింది. ఐదో వారం ఆయన కుక్కతో పాటు ఓ సంచీడు వంకాయలు కూడా తెచ్చారు. లోపల వేలు పెట్టి చూస్తే గడ్డ ఆనవాలు లేదు.