హ్యూజ్ పేజీల గొడవ: అసలు మలుపు 2017లో ఉంది

లైనక్స్ సర్వర్లలో ట్రాన్స్‌పరెంట్ హ్యూజ్ పేజీలు (టీహెచ్‌పీ) ఉంచాలా, తీసేయాలా అన్న వాదన మళ్లీ రాజుకుంది. మెమరీని మామూలు 4 కేబీ పేజీలకు బదులు 2 ఎంబీ పేజీలుగా కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టం గుండెకాయ) తనంతట తానే ఇచ్చే వసతి ఇది. ఏళ్ల తరబడి ఆపేయమని చెప్పిన డేటాబేస్ మోంగోడీబీ, 8.0 వెర్షన్ నుంచి ఆన్ చేయమంటోంది. మెమరీ పంచిపెట్టే టీసీమాలక్ కొత్తది వాడుతుండటం అందుకు వాళ్లు చెప్పే కారణం. మరో డేటాబేస్ రెడిస్ మాత్రం ఆఫ్ చేయమనే పాత మాట మీదే ఉంది. మధ్యలో నలిగేది అడ్మిన్లు. పాత స్క్రిప్టులో 'నెవర్' (అంటే ఆఫ్) అని కనిపిస్తే, అది ఎందుకుందో అడిగే తీరిక లేక కొత్త మెషీన్లకూ అదే పెట్టేస్తున్నారు.

2 ఎంబీ పేజీ ఉంటే టీఎల్‌బీలో (ప్రోగ్రాం వాడే వర్చువల్ అడ్రసు ఏ ఫిజికల్ పేజీదో గుర్తుంచుకునే ప్రాసెసర్ క్యాష్‌లో) 512 ఎంట్రీల పని ఒక్కటే చేస్తుందని, 2011లో 2.6.38 కెర్నల్‌తో ఈ వసతి వచ్చిందని చాలామందికి తెలుసు. వర్చువల్ మెషీన్లలో లాభం ఇంకా ఎక్కువ. అక్కడ టీఎల్‌బీలో అడ్రసు దొరక్కపోతే వర్చువల్ మెషీన్ (గెస్ట్) పేజీ టేబుళ్లు, అది నడిచే అసలు మెషీన్ (హోస్ట్) పేజీ టేబుళ్లు రెండూ వెతకాలి. నాలుగంచెల టేబుళ్లయితే 24 సార్ల దాకా మెమరీ చదవాల్సి రావచ్చు. ఇదంతా పెద్ద పేజీ దొరకడం గురించి. దొరకడం ఒక ఎత్తు, దాన్ని ఒకచోట నుంచి మరోచోటికి కదిలించినప్పుడు ముక్కలు కాకుండా నిలుపుకోవడం మరో ఎత్తు. ఈ రెండోదాన్ని వదిలేసి జరుగుతున్న వాదన సగం వాదనే.

చిన్న పేజీలను కదిలించే పద్ధతి కెర్నల్‌లోకి 2006లో, 2.6.16తో వచ్చింది. పేజీని చూపించే ఎంట్రీని తీసేసి, దాని స్థానంలో మైగ్రేషన్ ఎంట్రీ పెడతారు. ఈలోగా ఆ అడ్రసును తాకిన ప్రోగ్రాం ఆగి ఉంటుంది. డేటా కాపీ అయ్యాక కొత్త చోటును చూపే ఎంట్రీ వేస్తారు. ప్రోగ్రాం వైపు అడ్రసు మారదు, కింద ఫిజికల్ పేజీ మారుతుంది. ఇబ్బందేమిటంటే, 2 ఎంబీ పేజీని చూపించేది పేజీ టేబుళ్ల పైఅంచెలోని పీఎండీ ఎంట్రీ. అప్పట్లో అక్కడ పెట్టడానికి మైగ్రేషన్ ఎంట్రీ అనేదే లేదు. అందుకని కెర్నల్ ముందు పెద్ద పేజీని 512 ముక్కలు చేసి, ఒక్కో ముక్కనూ విడిగా కదిలించేది. అవతల ఖాళీ ఎక్కడుంటే అక్కడికి చేరేవి. వరస పోయేది. తర్వాత ఎప్పటికో, చిన్న పేజీలను కలిపి పెద్దవి చేసే కెర్నల్ పనివాడు ఖ్యూజ్‌పేజ్‌డీ ఆ ముక్కలను గమనిస్తే, ఇంకో 2 ఎంబీ జాగా వెతికి మొత్తం మళ్లీ కాపీ చేసేది. ఒక్క కదలికకు రెండు కాపీలు, మధ్యలో టీఎల్‌బీ మిస్‌లు!

ఒక్క దారికి మాత్రం మినహాయింపు ఉండేది. 2013లో 3.8తో వచ్చిన ఆటోమేటిక్ నూమా బ్యాలెన్సింగ్ (పేజీలను, వాటిని వాడే ప్రాసెసర్‌కు దగ్గరున్న మెమరీ నోడ్‌కు చేర్చే వసతి) తన సొంత కోడ్‌తో పెద్ద పేజీని మొత్తంగా కదిలించేది. పేజీలను కదిలించమని ప్రోగ్రాంలు కెర్నల్‌ను అడిగే మూవ్ పేజెస్, ఎంబైండ్ కాల్స్‌కు, మెమరీని ఆఫ్‌లైన్ చేసే పనికి ఆ భాగ్యం లేదు.

2017 నవంబరులో వచ్చిన 4.14 దీన్ని మార్చింది. జీ యాన్, నవోయా హొరిగుచి ప్యాచ్‌లతో పీఎండీ అంచెలోనే మైగ్రేషన్ ఎంట్రీ వచ్చింది, ముందు ఎక్స్86-64కు. పని పైకి కనిపించేంత తేలిక కాదు. ఎక్స్86లో పీఎండీ ఎంట్రీ సజీవంగా ఉందా అని చూడటానికి కెర్నల్ ప్రెజెంట్ బిట్ ఒక్కదాన్నే నమ్మదు, పెద్ద పేజీకి గుర్తయిన 7వ బిట్‌నూ చూస్తుంది. ఎందుకంటే పేజీని విడగొట్టే ఆ కాసేపు ప్రెజెంట్ బిట్ తీసేసి ఉంటుంది. మెమరీలో లేని పేజీలకు పెట్టే స్వాప్ ఎంట్రీల్లో (మైగ్రేషన్ ఎంట్రీ కూడా ఆ రకమే) సాఫ్ట్ డర్టీ గుర్తు (పేజీలో ఈమధ్య ఏమైనా రాశారా అని చెప్పేది) కూడా అదే 7వ బిట్‌లో ఉండేది. అలాగే వదిలేస్తే మైగ్రేషన్ ఎంట్రీని చూసి కెర్నల్ అసలు పేజీ అనుకునే ప్రమాదం ఉంది. అందుకే సాఫ్ట్ డర్టీని 1వ బిట్‌కు మార్చారు. నా దృష్టిలో హ్యూజ్ పేజీల చరిత్రలో 2011 కంటే ఈ మార్పే పెద్దది.

డేటాబేస్ వాళ్ల ఫిర్యాదులు అబద్ధాలు కావు. పెద్ద పేజీ కోసం జాగా చేయడానికి నడుస్తున్న ప్రోగ్రాంనే ఆపి కంపాక్షన్ (చెదిరిన పేజీలను జరిపి వరస ఖాళీ తేవడం) చేసిన రోజులున్నాయి. అయితే 2016లో 4.6 నుంచే ఆ డిఫాల్ట్ 'ఎమ్అడ్వైజ్'కు మారింది, అంటే అడిగిన ప్రోగ్రాంలకే ఆ ఆలస్యం. ఫోర్క్ (ప్రోగ్రాం తన నకలును పుట్టించడం) తర్వాత చిన్న రాతకు కూడా 2 ఎంబీ కాపీ అవుతుందన్న రెడిస్ బాధకు 2020లో 5.8 చాలావరకు జవాబిచ్చింది: అక్కడ కెర్నల్ ఇప్పుడు మ్యాపింగ్‌ను విడగొట్టి, రాసిన చిన్న పేజీనే కాపీ చేస్తుంది. మెమరీ మిగులుతుంది, పెద్ద మ్యాపింగ్ పోతుంది.

ఇప్పుడు ఇది ఎందుకు ముఖ్యమంటే, పేజీలు కదలడం రోజువారీ పని అయిపోయింది. 2021లో 5.15 నుంచి, చల్లబడిన పేజీలను వదిలేయకుండా నెమ్మదైన మెమరీకి దించే వీలు వచ్చింది. సీఎక్స్ఎల్ లింకుతో అదనంగా తగిలించిన మెమరీ ఉన్నచోట ఈ రాకపోకలు ఇంకా పెరుగుతాయి. అవతలి నోడ్‌లో వరసగా 2 ఎంబీ ఖాళీ లేకపోతే కెర్నల్ ఇప్పటికీ పేజీని విడగొట్టి, ముక్కలుగా కదిలిస్తుంది. నూమా బ్యాలెన్సింగ్‌లో మాత్రం విడగొట్టదు. దూరపు నోడ్‌లోనైనా సరే, పేజీని ఉన్నచోటే ఉంచేస్తుంది. ఇది సరైన నిర్ణయం. దూరం వల్ల పోయేదాన్ని తర్వాతి ప్రయత్నంలో రాబట్టుకోవచ్చు, పగిలిన వరసను మళ్లీ కట్టాలంటే మొత్తం కాపీ చేయాలి.

2024లో 6.8తో 64 కేబీ లాంటి మధ్యస్థ సైజులు వచ్చాయి. 6.9 నుంచి ఆర్మ్ 64లో వరసగా ఉన్న 16 ఎంట్రీలను కలిపి ఒకటిగా చూపించే కాంట్‌పీటీఈ పనిచేస్తోంది. మైగ్రేషన్ తర్వాత ఎంట్రీలు ఒక్కొక్కటిగా తిరిగి వేస్తారు. 16వది పడ్డాక, వర్చువల్, ఫిజికల్ అడ్రసులు రెండూ సరిగ్గా అమరి ఉంటేనే అవి మళ్లీ కలుస్తాయి. అప్పటిదాకా ఒంటరి పేజీలనే జరిపిన కంపాక్షన్ కూడా 6.9 నుంచి పెద్ద ఫోలియోలను (కెర్నల్ ఒకటిగా చూసే పేజీల గుంపులను) మొత్తంగా జరుపుతోంది.

మీ సర్వర్‌లో పరిస్థితి తెలుసుకోవడానికి ఎవరి మాటా నమ్మక్కర్లేదు. 5.9 నుంచి కెర్నల్ మెమరీ లెక్కలు చూపే వీఎంస్టాట్‌లో టీహెచ్‌పీ మైగ్రేషన్‌కు సక్సెస్, ఫెయిల్, స్ప్లిట్ అని మూడు లెక్కలు వస్తున్నాయి. స్ప్లిట్ అంకె పెరుగుతూ పోతుంటే వెతకాల్సింది అవతలి నోడ్‌లో వరస ఖాళీ ఎందుకు లేదన్నది. స్క్రిప్టులో 'నెవర్' రాయడం దానికి వైద్యం కాదు.