గ్రీకుల చెవికి అందని హల్లులు

2021 నవంబరులో కరోనా కొత్త రకానికి పెట్టిన ఒమిక్రాన్ అన్న పేరు మన ఇళ్లలోకీ వచ్చింది. గ్రీకులో ఆ మాటకు అర్థం ‘చిన్న ఒ’. వాళ్ల చివరి అక్షరం ఒమేగా అంటే ‘పెద్ద ఓ’. ఒ, ఓ పక్కపక్కనే దిద్దిన మనకు ఇందులో వింతేమీ లేదు. కానీ గ్రీకుల చేతికి మొదట వచ్చిన అక్షరాల్లో ఒ లేదు, ఓ లేదు, అసలు అచ్చన్నదే లేదు.

అవి ఫినీషియన్ల అక్షరాలు. ఇప్పటి లెబనాన్ తీరం నుంచి ఓడలు నడిపిన వర్తకులు వాళ్లు. మొత్తం 22, అన్నీ హల్లులే. కమలం, కోమలం రెండూ ఒకేలా రాసి, సందర్భాన్ని బట్టి పోల్చుకోమన్నట్టు! వాళ్ల భాషలో అర్థాన్ని ఎక్కువగా హల్లులే మోస్తాయి కనుక సరిపోయింది. గ్రీకుకు అలా కుదరదు. అరువు సంగతి గ్రీకులేమీ దాచలేదు. అక్షరాలను ‘ఫినీషియన్లవి’ అనే పిలిచేవారని ప్రాచీన గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్ రాశాడు.

మొదటి అక్షరం ఆలెఫ్, అంటే ఎద్దు. ఇంగ్లిషు క్యాపిటల్ ‘ఏ’ని తలకిందులు చేస్తే ఇప్పటికీ కొమ్ములు కనబడతాయి. దాని ధ్వని గొంతులో పడే చిన్న నొక్కు. పసివాడు పొయ్యి దగ్గరికి పోతుంటే ‘అ-అ’ అని వారిస్తామే, ఆ రెండింటి నడుమ గొంతు క్షణంపాటు మూసుకుంటుంది, అదే. గ్రీకులకు అది లెక్కలోకి రాని ధ్వని. పేరు పలికితే వాళ్లకు ముందుగా వినబడింది ‘అ’. పేరులో మొదటి ధ్వనే అక్షరం ధ్వని కాబట్టి ఆల్ఫా అచ్చయిపోయింది. కన్ను అనే అర్థమున్న అయిన్ కూడా గొంతు హల్లే. ఆ గుండ్రటి కన్ను ‘ఒ’ అయింది. ఇది పండితుడి యుక్తా, చెవి పొరపాటా? నాకైతే పొరపాటు పాలే ఎక్కువనిపిస్తుంది, ఎందుకంటే అదే మళ్లీ జరిగింది.

ఇటలీ పక్కన ఇస్కియా దీవిలో ఒక సమాధిలో 1954లో మట్టి కప్పు దొరికింది. క్రీ.పూ. 8వ శతాబ్దం నాటిది. దానిమీద గ్రీకులో మూడు పంక్తులు గీకి ఉన్నాయి, ఫినీషియన్ల పద్ధతిలోనే కుడి నుంచి ఎడమకు. ఈ కప్పుతో తాగినవాణ్ణి ప్రేమదేవత ఆఫ్రొడైటీ మోహం పట్టేస్తుందట! ఆ రాతలో ఒ, ఓ రెంటికీ ఒకటే అక్షరం. ‘హ’కు మాత్రం విడిగా ఒకటుంది, హేటా.

ఏజియన్ సముద్రం తూర్పు ఒడ్డున, ఇప్పటి టర్కీ తీరంలో, అయోనియా గ్రీకులు ‘హ’ను పలకడం మానేశారు. హేటా కాస్తా ఏటా అయింది. పేరు ‘ఏ’తో మొదలవుతోంది కనుక అక్షరమూ దీర్ఘమైన ‘ఏ’ అయింది. దానికి జోడీ కావాలన్నట్టు ‘ఒ’ గుండ్రాన్ని కింద తెరిచి ఒమేగా చేసి, వరస చివర తగిలించారు. ఆ, ఈ, ఊల జోలికి మాత్రం పోలేదు. గుణింతం దిద్దినవాళ్లకు ఇది సగంలో ఆపేసిన పనిలా కనిపిస్తుంది.

క్రీ.పూ. 403లో ఏథెన్స్ నగరం అయోనియా వరసనే అధికారికం చేసింది. ఆ 24 అక్షరాలే నేటికీ ఉన్నాయి. అప్పటికే ‘హ’ పలికే పాత హేటా ఇటలీ చేరి, లాటిన్ మీదుగా ఇంగ్లిషు ‘హెచ్’ అయింది. అదే ఆకారాన్ని ఏథెన్స్‌లో ఇప్పుడు ‘ఇ’ అని చదువుతారు. ఒమిక్రాన్, ఒమేగా కూడా నేటి గ్రీకులో ఒకేలా పలుకుతాయి. ఎక్కడ ఏది రాయాలో పిల్లలు బట్టీ పట్టాల్సిందే.