లస్కరుకు కూడా నిద్ర పట్టేస్తే

కోవూరు నుంచి ఒకాయన అడిగారు: "మా నాన్నకు ఐసీయూలో గొట్టం వేసి, కదలకుండా పాలలాంటి తెల్లటి మందు ఎక్కించారు. 110 ఉన్న పై బీపీ కాసేపటికే 70కి పడిపోయింది. ఆ మందు గుండెను దెబ్బతీసిందా?"

ఆ తెల్ల మందు ప్రొపోఫాల్, మత్తులో ఉంచే మందు. నీళ్ళలో సరిగా కరగదని సోయా నూనెలో కలిపి ఇస్తారు, ఆ తెలుపు నూనెదే. మిల్లీలీటరుకు 1.1 కేలరీలు కూడా ఉంటాయి, రోజంతా ఎక్కిస్తే దాన్నీ తిండి లెక్కలో వేసుకోవాల్సిందే!

ఇక బీపీ సంగతి. మన జిల్లాలో దీనికి కాలవను మించిన పోలిక నాకు దొరకలేదు. సంగం బ్యారేజీ దగ్గర వదిలిన నీళ్ళు అవే, కానీ కాలవ ఉన్నట్టుండి రెండు పక్కలా బారెడు వెడల్పయిందనుకోండి. నీళ్ళు పోలేదు, మట్టం దిగింది. తూము అంచుకు కిందకి దిగిందంటే సముద్రం వైపు చివరి ఆయకట్టు ఎండినట్టే. ప్రొపోఫాల్ రక్తనాళాలను అలా వదులు చేస్తుంది. పైగా ఒంట్లో రక్తం మూడింట రెండు వంతులు సిరల్లోనే ఉంటుంది, అవి చెరువులు. చెరువులు లోతయితే నీళ్ళు అక్కడే ఆగిపోతాయి, గుండె అనే మోటారు తనదాకా వచ్చిందే కదా తోడేది? వెంటిలేటరు ఛాతీలోకి గాలి నెట్టడం వల్ల కూడా ఆ రాక ఇంకాస్త తగ్గుతుంది.

మామూలుగా మట్టం దిగితే కాలవ నీళ్ళు చూసుకునే లస్కరు పరిగెత్తుకొస్తాడు. మెడ ధమనిలో, గుండె పైన బృహద్ధమని వంపులో ఒత్తిడిని కనిపెట్టే నరాల కొసలున్నాయి, బీపీ పడగానే గుండెను తొందరపెట్టేది అవే. ప్రొపోఫాల్ ఈ లస్కరును కూడా జోకొడుతుంది. ఇంకో సంగతి, అంతవరకూ ఆయాసంతో కొట్టుకుంటున్న మనిషిని నిలబెట్టింది ఆయన సొంత అడ్రినలినే, నిద్ర పట్టగానే ఆ ఊతా పోతుంది. అందుకే నాళాలను బిగించే నార్‌అడ్రినలిన్ మందు పెట్టి కాలవను మళ్ళీ ఇరుకు చేస్తారు, సగటు బీపీ (పై అంకె కాదు, పై కింది అంకెల నడుమ ఉండేది) 65 దగ్గరైనా నిలవాలని.

మత్తుకే వాడే ఇంకో మందు డెక్స్‌మెడెటొమిడిన్‌ది వేరే దారి. గబుక్కున ఇస్తే ముందు నాళాలు బిగిసి బీపీ పెరుగుతుంది, తర్వాత మెదడు నుంచి వచ్చే హుషారు సంకేతాలు తగ్గి నాడి నెమ్మదిస్తుంది, బీపీ కూడా దిగుతుంది. కెటమిన్ అనే మరో మత్తుమందు సాధారణంగా బీపీ పెంచుతుంది గానీ, సొంత అడ్రినలిన్ ఖర్చయిపోయిన రోగిలో అదీ పడగొట్టగలదు.

గుండె కండరమే దెబ్బతినే ప్రమాదమూ ఉంది, అరుదు. కిలోకు గంటకు 4 మిల్లీగ్రాములు దాటి, 48 గంటలు మించి ప్రొపోఫాల్ నడిచినప్పుడు ముఖ్యంగా దాని భయం. కణాలు కొవ్వును మండించలేక రక్తం ఆమ్లమవుతుంది, కండరాలు కరుగుతాయి. మీరు చెప్పినట్టు మందు ఎక్కించిన కాసేపటికే బీపీ పడితే అది మాత్రం ఇది కాదు.

మత్తులో పెడితే మళ్ళీ లేవరని బయట వరండాలో ఎవరో ఒకరు అంటూనే ఉంటారు, పట్టించుకోకండి. తాయెత్తు కట్టాలనుకుంటే మీ ఇష్టం, మణికట్టుకు మాత్రం వద్దు. చాలాసార్లు బీపీ చూసే లైను అక్కడే ఉంటుంది.

అన్నట్టు చివరి ఆయకట్టు ఎవరిదో చెప్పలేదు, కిడ్నీలది. మంచం పక్కన వేలాడే మూత్రం సంచి చూడండి. 60 కిలోల మనిషికి గంటకు 30 మిల్లీలీటర్లయినా వస్తోందా అని నర్సమ్మను అడగండి.