బూతు, బీప్, ఏడు సెకన్లు: కొన్ని అపోహలు, వాస్తవాలు

రేడియోలో లైవ్ కార్యక్రమాలకు సౌండ్ చూడటం నా పని. కొన్నాళ్లు టీవీలోనూ చేశాను. ఆ మాట చెప్పగానే "అంటే బూతులకు బీప్ వేసేది మీరేనా?" అంటారు. మేమే. ఆ తర్వాత అడిగేవాటిలో మాత్రం సగం అపోహలే.

అపోహ: తిట్టు వినపడగానే మెషీనే బీప్ వేసేస్తుంది.

లైవ్ రేడియోలో చాలాసార్లు బీప్ వేయనే వేయం. స్టూడియోలో అన్న మాటను కొన్ని సెకన్లు ఆపి మీకు వదులుతాం. దీన్ని డిలే అంటాం. ఏడు సెకన్లన్నది బాగా వాడుకలో ఉన్న లెక్క. కాలర్ నోరు జారితే డంప్ బటన్ నొక్కుతాం, అప్పటికి మెమరీలో ఉన్నదంతా తిట్టుతో సహా ఎగిరిపోతుంది. వినేవాళ్లకు ఒక వాక్యం మధ్యలో తెగి ఇంకోటి అందుకున్నట్టు ఉంటుంది, అంతే. నొక్కాల్సింది మాత్రం మనిషి వేలే.

ఏడు సెకన్లంటే బోలెడు టైమ్ అని కొత్తలో నేనూ అనుకున్నాను. ఒకసారి ఒక కాలర్ గొంతు పెంచి ఏదో అన్నాడు. తిట్టాడా, నేనే తప్పు విన్నానా అని తటపటాయించి, యాంకర్ మొహం చూసి, అప్పుడు నొక్కాను. సమయానికే నొక్కాను. కానీ మా మెషీన్‌లో ఒకసారి డంప్ చేస్తే డిలే సున్నా అవుతుంది. లైన్ ఇంకా తెరిచే ఉంది. అతను రెండోసారి అన్నది అన్నట్టే ప్రసారమైపోయింది! ఇప్పుడు నా చేతికి వరస వేరు: ముందు కాలర్ ఫేడర్ (గొంతు తగ్గించే మీట) కిందికి, తర్వాతే డంప్. ఖాళీ అయిన డిలే మళ్లీ నిండటానికి మెషీన్ మాటల్ని ఎవరూ పసిగట్టలేనంత కొద్దికొద్దిగా సాగదీస్తూ పోతుంది. అది నిండేదాకా మాకు టెన్షనే. (కాల్ చేసేవాళ్లను రేడియో కట్టేయమని బతిమాలేదీ ఈ డిలే వల్లే. కొన్ని సెకన్ల కిందటి తమ గొంతు తమకే వినపడితే ఎవరైనా తడబడతారు.)

అపోహ: నిషేధించిన పదాల జాబితా ఒకటి ఉంటుంది.

అమెరికాలో ప్రసారంలో అనకూడని "ఏడు పదాల" కథ వల్ల ఈ నమ్మకం బలపడింది. ఆ జాబితా ప్రభుత్వానిది కాదు, జార్జ్ కార్లిన్ అనే హాస్య కళాకారుడిది. ఆయన ప్రదర్శనను 1973లో న్యూయార్క్ రేడియో స్టేషన్ ఒకటి పట్టపగలు ప్రసారం చేసింది. కొడుకుతో ఉండగా కారులో అది విన్న ఒక తండ్రి ఫిర్యాదు చేశాడు. 1978లో సుప్రీంకోర్టు 5-4 తేడాతో నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ వైపు నిలిచింది. కోర్టు చూసింది పదాలనొక్కటే కాదు, ఏ వేళ, పిల్లలు వినే అవకాశం ఎంత అన్నది కూడా. ఇప్పుడు అక్కడ ఉదయం 6 నుంచి రాత్రి 10 వరకు అసభ్య ప్రసారం కుదరదు. బ్రిటన్‌లో టీవీకి రాత్రి 9 హద్దు. రేడియోకి అలా గంట పెట్టలేదు, పిల్లలు వినే వేళలు చూసుకోవాలన్నారు.

పదం ఒకటే అయినా తీర్పు ఒకటిగా ఉండదు. 2003 గోల్డెన్ గ్లోబ్స్ అవార్డుల వేదికపై గాయకుడు బోనో సంతోషం పట్టలేక ఒక బూతు విశేషణం వాడాడు. తప్పేం లేదని ఎఫ్‌సీసీ అధికారులు మొదట తేల్చారు, 2004లో ఆ సంస్థను నడిపే కమిషన్ తప్పేనంది. ఇలా క్షణంలో దొర్లే మాటల గురించి ఛానెళ్లకు ముందుగా స్పష్టంగా చెప్పలేదంటూ 2012లో సుప్రీంకోర్టు వేరే ఛానెళ్లపై వచ్చిన నిర్ణయాలను కొట్టేసింది. ఇంత తర్జనభర్జన జరిగిన మాటను మేం రెండు సెకన్లలో తేల్చాలి.

అపోహ: ఆ గంట దాటితే ఏదైనా అనొచ్చు.

అనలేరు. అమెరికాలో అశ్లీలం (అక్కడి చట్టం లెక్కలో అసభ్యం కన్నా తీవ్రమైనది) ఏ వేళలోనైనా నిషేధమే. బ్రిటన్‌లో 9 కొట్టగానే ఒక్కసారిగా బూతుల్లోకి దూకకూడదు.

అపోహ: బీప్ పడితే బూతు పోయినట్టే.

బీప్ అంటే సాధారణంగా 1000 హెర్ట్జ్ శబ్దం. మొదటి అక్షరం వినపడ్డా, పెదాలు కనపడ్డా మిగతాది మీరే పూరించుకుంటారు, ఒక్కోసారి అసలుకన్నా ఘాటుగా. మామూలు మాట మీద బీప్ వేసి చూడండి, అదీ బూతయిపోతుంది. అందుకే నవ్వించే చోట బీప్, బాధ చెప్పుకునే చోట నిశ్శబ్దం నాకిష్టం.

అపోహ: నోరు జారేది కాలర్లే.

వార్తలకు మేం డిలే పెట్టం. టైమ్ చెప్పేటప్పుడు ఏడు సెకన్లు వెనకుంటే ఎలా? 2010 డిసెంబరులో బీబీసీ రేడియో 4 ఉదయం కార్యక్రమంలో సీనియర్ ప్రజెంటర్ ఒకరు కల్చర్ మంత్రి జెరెమీ హంట్ పేరు చదవబోయారు. కల్చర్‌లోని 'క' వచ్చి హంట్‌లోని 'హ' స్థానంలో కూర్చుంది, ఇంగ్లీషులో అది ఘోరమైన బూతు. మిగతా ముఖ్యాంశాలను ఆయన నవ్వు ఆపుకోలేక, దగ్గుతూ చదివారు.