కర్ర ఏ చేతిలో ఉండాలి?

మా పెదనాన్నకి కుడి తుంటి కీలు అరిగింది. చేతికర్ర లేకుండా గుమ్మం దాటరు. కర్ర కుడిచేతిలో, కూరల సంచీ ఎడమచేతిలో. ఆ మధ్య ఫిజియోథెరపీకి తీసుకెళ్తే అక్కడి అమ్మాయి ఆయన నడక చూడగానే, "కర్ర ఎడమచేతిలోకి మార్చండి తాతగారూ" అంది. ఈయన ఊరుకుంటారా? "నొప్పి కుడివైపమ్మా. గోడ ఒరుగుతున్న వైపే కదా పోటు పెడతాం!" అన్నారు. బయట ఇంకా జనం ఉన్నారు, పాపం ఆ అమ్మాయి నవ్వి ఊరుకుంది. నిజానికి జవాబు పెదనాన్న ప్రశ్నలోనే ఉంది. గోడ ఏ వైపు ఒరుగుతోందన్న లెక్కలోనే ఆయన పొరబడ్డారు.

ముందు బీరువా సంగతి చూద్దాం. ఇనప బీరువాని భుజం ఎత్తులో చేతులు పెట్టి నెడితే ఒక్కోసారి అంగుళం కూడా జరగదు సరికదా, అవతలికి ఒరిగి గుండె ఝల్లుమనిపిస్తుంది. బరువు 80 కిలోలు, లోతు 48 సెంటీమీటర్లు అనుకుందాం. ఒరిగేటప్పుడు దాని అవతలి కింది అంచు ఇరుసులా పనిచేస్తుంది. లోపలి సామాను సమంగా సర్ది ఉంటే బీరువా గరిమనాభి, అంటే బరువంతా ఒక్కచోటే ఉన్నట్టు లెక్కేసుకునే బిందువు, ఆ అంచుకి 24 సెంటీమీటర్లు ఇవతల ఉంటుంది. అంటే బీరువాని నిలబెట్టి ఉంచే తిప్పుడు బలం, అదే టార్క్, 80ని 24తో గుణిస్తే 1920. (బలాన్ని న్యూటన్లలో చెప్పాలని ఫిజిక్సు మాస్టార్లు అంటారు. మనం కొట్టు తూకంలా కిలోల్లోనే చెప్పుకుందాం.) మనం 140 సెంటీమీటర్ల ఎత్తులో నెడితే దాదాపు 14 కిలోల బలానికే అది లేవడం మొదలెడుతుంది. జరగాలంటే మాత్రం నేల ఘర్షణని దాటాలి, దానికి ఓ 30 కిలోలైనా కావాలి. అందుకే జరగకముందే ఒరుగుతుంది. మోకాలి ఎత్తులో, అంటే 50 సెంటీమీటర్ల దగ్గర నెడితే, ఒరగడానికి 38 కిలోలు కావాలి. ఈలోపే జరుగుతుంది.

బరువు ఎంతన్నది ఒక్కటే చూస్తే ఈ లెక్క తెగదు. ఇరుసుకి ఎంత దూరంలో ఉందన్నది కూడా చూడాలి. ఒంట్లోనూ ఇదే బేరం, కాకపోతే అక్కడ ధరలు మహా ఘోరం.

నడకలో ప్రతి అడుగుకీ కాసేపు ఒంటికాలి మీద నిలబడతాం. కుడికాలి మీద ఉన్నప్పుడు నడుము కింది ఎముకల చట్రం, దాన్నే కటి అంటాం, కుడి తొడ ఎముక తలకాయ మీద తక్కెడలా ఆగుతుంది. మనిషి బరువు 60 కిలోలైతే, ఆ కాలు పోను దాదాపు 50 కిలోలు ఆ కీలు మీద పడతాయి. ఆ బరువు సరిగ్గా కీలు పైన పడదు. సుమారు 11 సెంటీమీటర్లు లోపలికి, అంటే ఎడమకి పడుతుంది. కాబట్టి కటి ఒరిగేది ఎడమకే! దాన్ని పడిపోకుండా పట్టుకునేవి కుడి పిరుదు పక్కనున్న కండరాలు. అవి కీలుకి 5 సెంటీమీటర్ల దూరంలోనే ఉండి లాగాలి. 50ని 11తో గుణిస్తే 550, దాన్ని 5తో భాగిస్తే 110 కిలోలు. పైనున్న 50 కిలోలూ, కండరం కిందికి లాగే 110 కిలోలూ కలిపి కీలు మీద 160 కిలోల నొక్కుడు. అరవై కిలోల మనిషికి!

ఇదేదో కాగితం మీది లెక్క అనుకోకండి. బెర్లిన్‌లో గెయోర్గ్ బెర్గ్‌మన్ బృందం కృత్రిమ తుంటి కీళ్లలో సెన్సర్లు అమర్చి, రోగులు మామూలుగా నడుస్తున్నప్పుడు వాళ్ల ఒంటి బరువుకి దాదాపు 2.4 రెట్ల బలం కీలు మీద పడుతోందని కొలిచి 2001లో ప్రచురించింది. మన లెక్క 2.7 రెట్లు. మోటు లెక్కకి ఇది తక్కువేం కాదు.

ఆ పక్క కండరాలు బలహీనపడితే ఎదుటివైపు కటి కిందికి వాలుతుంది. జర్మన్ సర్జన్ ఫ్రీడ్రిచ్ ట్రెండెలెన్‌బర్గ్ 1895లో దీన్ని వర్ణించాడు, డాక్టర్లు ఇప్పటికీ ఆ పరీక్ష చేస్తారు. నొప్పి ఉన్నవాళ్లు దీనికి సొంతంగా ఓ ఉపాయం కనిపెడతారు. అడుగేసినప్పుడల్లా ఒళ్లంతా నొప్పి కాలి మీదికి ఊపుతారు. ఆ 11 సెంటీమీటర్లని తగ్గించడానికే ఆ ఊపు.

నమ్మకం కుదరకపోతే ఇప్పుడే లేచి గోడ పక్కన నిలబడండి. కుడి భుజం, కుడి పాదం గోడకి ఆనించి, ఎడమకాలు ఎత్తండి. ఎత్తలేరు. మామూలుగా కాలెత్తేముందు గరిమనాభిని కుడి పాదం మీదికి మనకి తెలియకుండానే జరుపుకుంటాం, గోడ అక్కడే అడ్డం పడుతుంది.

ఇప్పుడు కర్ర ఎడమచేతిలో పెట్టండి. చేత్తో 8 కిలోల బలం నొక్కారనుకుందాం. ఆ చెయ్యి కుడి కీలుకి ఓ 40 సెంటీమీటర్ల దూరంలో ఉంటుంది. 8ని 40తో గుణిస్తే 320. మోయాల్సిన 550లో అంత పోతే మిగిలేది 230, కండరం లాగాల్సింది 46 కిలోలే. పైనున్న 50 కిలోల్లో 8 కర్రే మోస్తుంది కాబట్టి, కీలు మీద భారం 160 నుంచి 88కి దిగుతుంది. రోజూ నడిచే మనుషుల్లో ఇంత లాభం రాకపోవచ్చు, అందరూ కర్రని అంత గట్టిగా ఆనించరు కదా. కర్ర కుడిచేతిలో ఉంటే? అది కీలుకి బయటివైపు నుంచి పైకి నెడుతుంది. అంటే కటి ఎడమకి ఒరగడానికి ఇంకాస్త సాయం చేస్తుంది. ఒళ్లంతా కుడికి వాల్చి నడిస్తే తప్ప దానివల్ల ఒరిగేదేం లేదు.

1956లో అమెరికాలో వాల్టర్ బ్లౌంట్ అనే ఎముకల డాక్టరు, చేతికర్రని పారేయొద్దని సాటి డాక్టర్లకి ఓ వ్యాసమే రాశాడు. కర్ర పట్టుకుంటే ముసలితనం ఒప్పుకున్నట్టేనని మన ఇళ్లలో దాచిపెట్టేవాళ్లు అది చదవాల్సింది.

పెదనాన్న వారం రోజులు సణిగి, కర్ర చెయ్యి మార్చారు. ఎడమచెయ్యి ఖాళీ లేదు కాబట్టి కూరల సంచీ దానంతటదే కుడిచేతిలోకి వచ్చింది. ఈ సంగతి ఆయనకి ఎవరూ చెప్పలేదు. 4 కిలోల సంచీ ఎడమచేతిలో ఉన్నప్పుడు కుడి కండరానికి 32 కిలోల అదనపు పని పెట్టేది. ఇప్పుడది కీలుకి బయటివైపు, ఓ 15 సెంటీమీటర్ల దూరంలో వేలాడుతూ తక్కెడలో ఎదురుతూకం రాయిలా 12 కిలోల పని తగ్గిస్తోంది. నిన్న మార్కెట్ నుంచి వస్తూ, "సంచీ నేను పట్టుకుంటా, ఇటివ్వండి పెదనాన్నా" అన్నాను. ఇచ్చేశారు. రెండడుగులు వేశాక గుర్తొచ్చి మళ్లీ ఆయన కుడిచేతికే తగిలించాను.